అమారోతో ఎనిమిది రోజులు

వంటింటి బల్ల మీద పటం పరిచి, అంచులు లేవకుండా ఒక మూల ఉప్పు డబ్బా, ఇంకో మూల రొట్టె కత్తి పెట్టాను. లూగో పక్కనున్న మా ఊరి నుంచి ఉత్తరంగా సముద్రం దాకా వెళ్ళే దారి అది. రాబదే, విలాల్బా, ఆస్ పోంతెస్, సోమోసాస్, సెర్దీదో, ఆ తర్వాత కొండ అంచున సాన్ ఆంద్రేస్ చర్చి ఉన్న తెయ్‌షీదో. మొత్తం నూట ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని ఎనిమిది రోజులకి పంచాను. రోజుకి పదిహేను, పదహారు దాటకూడదు. నాతో వచ్చేది మా ఆయన అమారో. ఆయనకి మోకాళ్ళ నొప్పులు.

ఆయన పోయింది ఫిబ్రవరిలో.

ఈ మాట విని నాకు మతి పోయిందని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. మా వైపు ఎవరూ అనుకోరు. బతికుండగా సాన్ ఆంద్రేస్ దర్శనం చేసుకోని వాళ్ళ ఆత్మ, పోయాక ఏ తొండ రూపంలోనో కప్ప రూపంలోనో అంత దూరమూ పాక్కుంటూ వెళ్తుందని మా నమ్మకం. అందుకే ఆ దారిలో పురుగుని కూడా తొక్కకుండా చూసుకుని నడుస్తాం. ఇంట్లో ఎవరైనా మొక్కు తీర్చుకోకుండా పోతే, ఆ పాకులాట తప్పించడానికి ఇంటివాళ్ళు సమాధి దగ్గరికి వెళ్ళి పిలుస్తారు. పిలిచి, వెంట తీసుకెళ్ళి, అక్కడ అప్పగించి వస్తారు. ఊరికే రమ్మంటే సరిపోదు. ఏ రోజు బయల్దేరతామో, ఎన్ని గంటలకో, ఏ దారినో, ఎక్కడెక్కడ ఆగుతామో అన్నీ ముందుగా చెప్పాలి. పోయినవాళ్ళు మన మనసులో ఉన్నది కనిపెట్టలేరు. పైకి చెప్పిందే వింటారు.

అమారో ముప్పై నాలుగేళ్ళు పాల ట్యాంకర్ నడిపాడు. ఒక జనవరి పొద్దున, మంచు గడ్డకట్టిన మలుపులో బండి పల్టీ కొట్టి వాగులో పడింది. రోడ్డు మీద పాలు, వాగు నిండా పాలు. ఆయన మాత్రం తలుపు తన్నుకుని బయటికొచ్చి ఒడ్డున కూర్చున్నాడు, చొక్కా గుండీ కూడా ఊడలేదు. ఇంటి గుమ్మం నుంచి నడిచి వస్తానని సాన్ ఆంద్రేస్‌కి మొక్కుకున్నది ఆ ఒడ్డునే. ఆవులకి ఆదివారాలుండవు కాబట్టి ఆ మొక్కు పదిహేడేళ్ళు అలాగే పడి ఉంది. రిటైరయ్యాక, పోయిన సెప్టెంబరులో, కొత్త బూట్లు కొనుక్కొచ్చి, ఒక కర్ర కూడా చెక్కుకుని, మనిద్దరం వెళ్దామా అని అడిగాడు. చెస్ట్‌నట్లు ఏరుకోవాలి కదా, వచ్చే ఏడాది చూద్దాం అన్నాను. సరేనన్నాడు. కర్ర తలుపు వెనక పెట్టేశాడు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పొయ్యిలోకి కట్టె తోస్తూ తోస్తూ పక్కకి ఒరిగిపోయాడు.

జరిగింది ఇంతే. వచ్చే ఏడాది అన్నది నేను. ఆ మాట నిలబెట్టాల్సింది కూడా నేనే. ఆయన్ని నడిపించుకుంటూ తెయ్‌షీదో చేర్చడం తప్ప నాకింకో పని లేదనిపించింది.

అనిపించింది అంటున్నాను గానీ, అప్పటికి నాకేదైనా అనిపించడం మానేసి చాలా రోజులైంది. తల కింద చెయ్యి పెట్టుకుని పడుకుని లేస్తే ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుందే, నాకు మనిషి మొత్తం అలా ఉంది. సూప్‌లో ఉప్పు వేశానో లేదో తిన్నా తెలిసేది కాదు. సమాధి చేసిన రోజున నా కంట చుక్క నీరు రాలేదు. గుండె గట్టిదని ఊరంతా మెచ్చుకుంది. పక్కింటి కార్మినా అయితే, బల్బీనాని చూసి నేర్చుకో అని వాళ్ళ కోడలికి చెప్పిందట. ఆ కోడలి మొగుడు నిక్షేపంలా ఉన్నాడు, ఆ పిల్ల నన్ను చూసి ఏం నేర్చుకోవాలో నాకైతే అర్థం కాలేదు.

ఏప్రిల్లో ఆ పటం తీశాను. దాని ముందు కూర్చుంటే కనీసం చేతులు కదిలేవి.

మా ఊరి మీదుగా బారులు బారులుగా పోయేవాళ్ళంతా సంతియాగో చర్చికి నడిచి వెళ్ళే యాత్రికులు. వాళ్ళకి ప్రతి మలుపులోనూ పసుపు రంగు బాణం, ప్రతి ఊళ్ళోనూ సత్రం. మందుల షాపులో కాళ్ళ బొబ్బలకని ఒక అర మొత్తం కేటాయించారు. నేను కొత్త బూట్లు వేసుకుని అలవాటు చేసుకుంటూ రోడ్డు మీద తిరుగుతుంటే వాళ్ళలో ఒకడు నన్ను ఆపి, అటు కాదు, సంతియాగో ఇటు అని చెయ్యి చూపించాడు. నేను పుట్టిన ఊళ్ళో నాకు దారి చూపించాడు. ఆ ఉత్తరపు దారికి బాణాలూ లేవు, సత్రాలూ లేవు. ఒకప్పుడు జనం మేళాలతో నడిచిన దారే, ఇప్పుడు అందరూ బస్సెక్కి పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తున్నారు. నడవాలంటే అడిగి తెలుసుకోవాల్సిందే.

అడగడానికి ఊళ్ళో మిగిలింది ఎలాదియో మామ ఒక్కడే. ఎనభై తొమ్మిదేళ్ళు. కుర్రతనంలో మూడుసార్లు నడిచాడు. వాళ్ళింటికెళ్ళి కూర్చుంటే, బల్ల మీద గుడ్డ సాఫు చేసి దాని మీద వేలితో దారి గీశాడు. నాలుగు పోప్లర్ చెట్లు వచ్చాక కుడికి తిరగాలన్నాడు. వాళ్ళ కూతురు లోపల్నుంచి, ఆ చెట్లు కొట్టేసి ముప్పై ఏళ్ళయింది నాన్నా అంది. అయితే పిండిమర దగ్గర వాగు దాటమన్నాడు. ఆ మర ఇప్పుడు పెద్ద రోడ్డు కింద ఉందని ఆవిడ చెప్పింది. పెద్దాయనకి కోపం వచ్చింది, దారి నా దగ్గర అడగడానికి వచ్చిందా, నీ దగ్గర అడగడానికి వచ్చిందా అని కూతురి మీద కసురుకున్నాడు. నేను రెండు మాటలూ రాసుకున్నాను. లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సోమోసాస్ ముందర ఒక దిగుడుంది. రాళ్ళు జారతాయి. అమారో మోకాళ్ళకి అది పనికిరాదమ్మా. మీరిద్దరూ చుట్టూ తిరిగి వెళ్ళండి, గంట ఎక్కువైనా పరవాలేదు."

అది కూడా రాసుకున్నాను. ఇంటికొచ్చి పటం మీద ఆ దిగుడు కొట్టేసి చుట్టుదారి గీశాను.

తర్వాత గదుల కోసం ఫోన్లు. విలాల్బాలో ఒక చిన్న హోటల్లో కుర్రాడు ఎంతమంది అని అడిగితే ఇద్దరం అన్నాను. ఇద్దరి గుర్తింపు కార్డుల నంబర్లూ కావాలన్నాడు. అమారో కార్డు ఇంకా సొరుగులోనే ఉంది, తీసి చదివి చెప్పేశాను. వయసు కూడా అడిగాడు. అరవై ఎనిమిది అన్నాను. అది ఇక పెరగదు, పొరపాటు పడే ప్రసక్తి లేదు. సోమోసాస్‌లో గది అద్దెకిచ్చే ఆవిడ మాత్రం నా ఈడుది. ఇద్దరం వస్తాం, ఒకరు భోజనం చెయ్యరు అని చెప్పాను.

"సాన్ ఆంద్రేస్‌కా?" అని అడిగింది.

అవునన్నాను.

"అయితే కింది గది ఇస్తాను. మెట్లు ఎక్కే పని ఉండదు."

ఇంకో మాట అడక్కుండా ఫోన్ పెట్టేసింది. ఆవిడ మంచితనానికి నాకు ఏడుపు రావాల్సింది. రాలేదు. కింది గది, మెట్లు లేవు అని రాసుకున్నాను.

ప్రతి ఆదివారం పూజ అయ్యాక సమాధుల తోటకి వెళ్ళేదాన్ని. మా దగ్గర శవపేటికలు పెట్టడానికి గోడలో గూళ్ళుంటాయి, నాలుగు వరసలు. అమారోది మూడో వరస, నా తలకి కొంచెం పైన. ఆయనకి ఎడమ చెవి వినపడదు కాబట్టి కుడి వైపు నిలబడి, ఆ వారం ఎంత దారి ఖాయమైందో అంతా కాగితం చూసి చదివేదాన్ని. మొదటి రోజు ఇంటి నుంచి ఇక్కడికి, మధ్యలో రెండుసార్లు ఆగుతాం. రెండో రోజు ఇన్ని కిలోమీటర్లు, నీడ తక్కువ, టోపీ మర్చిపోకు. అటు పక్క పూలు మార్చడానికి వచ్చినవాళ్ళు నన్ను కదిలించకుండా తల ఊపి పోయేవాళ్ళు. నేను సరుకుల జాబితా చదివినట్టు చదివేదాన్ని. చదవడం అయిపోయాక ఇంకో మాట చెప్పాలని ఉండేది. నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

ఆ మాట ఏమిటంటే, చెస్ట్‌నట్లనేది అబద్ధం.

అమారో చెడ్డవాడు కాడు. నా మీద చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. కాకపోతే ముప్పై నాలుగేళ్ళు బండిలో ఒక్కడే కూర్చుని, మాట్లాడడానికి మనిషి లేక దాచుకున్నదంతా రిటైరయ్యాక నా మీద గుమ్మరించాడు. నేను బంగాళదుంపలు తీస్తుంటే పక్కన నిలబడి, ఫలానా వాళ్ళింట్లో తొమ్మిది ఆవులుండేవి, అందులో ఒకటి కుంటిది అనేవాడు. నేను దుప్పట్లు ఆరేస్తుంటే ఇంకో ఇంటి బావి నీళ్ళు ఎందుకు చేదో చెప్పేవాడు. ఒకే సంగతి నాలుగుసార్లు చెప్పేవాడు, నాలుగోసారి కూడా కొత్తగా విన్నట్టు నేను తలూపాలి. చెవిలో జోరీగ. తలుపు వేసుకుని దొడ్లో కూర్చుంటే తలుపవతల నిలబడి చెప్పేవాడు. ఆ ఉత్తరపు దారిలో సగం ఇళ్ళు ఆయన పాలు పోయించుకున్న ఇళ్ళే. ఎనిమిది రోజులు, ఇంటింటికీ ఒక కథ, తప్పించుకోవడానికి ఒక గది కూడా ఉండదు. ఆయన కొత్త బూట్లు వేసుకుని వచ్చి నిలబడగానే నాకు తట్టింది అదే. ఆయనతో ఎనిమిది రోజులు నా వల్ల కాదు అనుకున్నాను. పైకి చెస్ట్‌నట్లు అన్నాను.

అది ఆయనతో చెప్పాలి. గోడ ముందు నిలబడి, పక్కన నలుగురు పూలు సర్దుకుంటుంటే చెప్పలేను. దారిలో చెబుతాను. ఏడో రోజు సెర్దీదో దాటాక ఇళ్ళేమీ ఉండవు, గుర్రాలూ గాలీ తప్ప ఏమీ ఉండవని ఎలాదియో మామ చెప్పాడు. పటం మీద అక్కడ పెన్సిల్‌తో ఒక చిన్న చుక్క పెట్టుకున్నాను.

గడ్డి కోతలు అయిపోయాయి. జులై మొదటి శనివారం బయల్దేరాలని ఖాయం చేశాను. ఆ పొద్దున ఎనిమిదింటికి గూటి రాతి మీద మూడుసార్లు తట్టి, పేరు పెట్టి పిలిచి, గేటు దగ్గర ఎదురుచూడాలి. పిలిచేటప్పుడు తోడబుట్టినవాళ్ళు పక్కనుంటే మంచిదని మా ఊళ్ళో పట్టింపు. అమారోకి ఉన్నది ఒక్క అక్క, దోసిందా వదిన. లూగోలో ఉంటుంది. డెబ్భై నాలుగేళ్ళు, పాదాలు ఎప్పుడూ వాచి ఉంటాయి, నోరు మాత్రం ఒక్కరోజు కూడా అలిసిపోదు. ఆ ఇంటి వాళ్ళందరికీ అదే జబ్బు. శనివారం పొద్దున్నే రావడం కష్టమని, శుక్రవారమే వచ్చి మా ఇంట్లో పడుకోమన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. చేప కూరిన రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి బస్సు ఆలస్యం గురించి, తన డాక్టరు పెళ్ళాం గురించి, లూగోలో మాంసం కొట్టు మూసేసిన సంగతి గురించి చెప్పింది. బల్ల మీద పటం మాత్రం చూడలేదు. నేను రొట్టె కోసి పెట్టాను, కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టాను. అప్పుడు కాగితం తీసి ఆమె ముందుకు జరిపాను. ఎనిమిది రోజులు, ఎనిమిది వరసలు. ప్రతి వరస చివర ఇద్దరు అని రాసి ఉంది.

"రేపు పొద్దున రాతి మీద తట్టేది నువ్వే వదినా. నీ మాటైతే ముందు వింటాడు" అన్నాను.

దోసిందా కాగితం మొత్తం చదివింది. మళ్ళీ మొదటికొచ్చి చదివింది. తర్వాత కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"బల్బీనా, వాడక్కడ లేడు."

ఎక్కడ లేడని అడిగాను.

"గూట్లో. నేను తీసుకెళ్ళిపోయాను. మే నెలాఖరున, మా పెన్షనర్ల సంఘం వాళ్ళ బస్సులో. అప్పగించేసి వచ్చాను."

ఆమె చెప్పుకుంటూ పోయింది. ఏప్రిల్ చివర్లో ఒక పచ్చ తొండ ఆమె వంటింటి కిటికీ గట్టు మీదకి వచ్చిందట. మూడు రోజులు వరసగా, అదే వేళకి. నాలుగో అంతస్తులో తొండ ఎక్కడిది. చీపురుతో తోలినా పోలేదట, తల ఎత్తి ఆమెనే చూసిందట. తమ్ముడే అనుకుంది. నడిచి వెళ్ళాల్సినవాడు పాకడం మొదలుపెట్టాడు, ఉత్తరం ఎటో తెలీక నా ఇంటికొచ్చాడు అనుకుంది. మా ఆయన అంత చురుగ్గా ఏనాడూ గోడలెక్కలేదని నాకు నోటిదాకా వచ్చింది గానీ ఊరుకున్నాను. ఆమె రెండు సీట్లు తీసుకుందట. మా సమాధుల తోటకి ముందు రోజే వచ్చి తట్టి పిలిచి వెళ్ళిందట, నాకు కనపడకుండా. బస్సులో ఒక లావుపాటి ఆవిడ ఆ ఖాళీ సీట్లో కూర్చోబోతే, మా తమ్ముడున్నాడు అందట. ఆవిడ ఖాళీ సీటుకి క్షమాపణ చెప్పుకుని వెనక్కి వెళ్ళి కూర్చుందట.

నాకు ఒక్కటే తట్టింది.

"ఆయనకి బస్సు పడదు. వాంతులు."

ముప్పై నాలుగేళ్ళు ట్యాంకర్ నడిపిన మనిషి, స్టీరింగ్ తన చేతిలో లేకపోతే పది కిలోమీటర్లు కూర్చోలేడు. పెళ్ళికి వెళ్ళినా చావుకి వెళ్ళినా మేం మా కారులోనే వెళ్ళాం.

"నాకు తెలీదా? చిన్నప్పుడు వాడి తల పట్టుకున్నది ఎవరు? నిమ్మకాయ తీసుకెళ్ళాను. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. తెయ్‌షీదోకి ముందు సెదేయ్‌రా కొండ మలుపుల్లో సంచీ తెరిచి పట్టుకున్నాను."

"చేసుకున్నాడా?"

"లేదు. బుద్ధిగా వచ్చాడు."

ఇద్దరం నవ్వలేదు. పొయ్యి మీద పాలు పొంగబోతుంటే లేచి మంట తగ్గించాను. నాకు ఒళ్ళు మండాలి. నా చేతిలో ఉన్న ఒక్క పని లాక్కుని, నడిచి వస్తానన్న మనిషిని బస్సులో కుక్కి, చేతులు దులుపుకుని వచ్చింది. ఏ ఆడదైనా గిన్నె విసిరి కొడుతుంది. నేను కప్పుల్లో పాలు పోసి, ఆమె కప్పులో చక్కెర వేసి తిప్పాను. మే నెలాఖరు నుంచి జులై మొదటి వారం దాకా ఎన్ని ఆదివారాలో లెక్కపెట్టాను. ఐదు. ఐదు ఆదివారాలు ఖాళీ గూటికి దారి చదివి వినిపించాను. కుడి చెవి వైపు నిలబడి మరీ.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. కోపంగా కూడా కాదు, బస్సు ఎన్నింటికని అడిగినట్టు.

"ఫోన్ చేసినప్పుడల్లా చెబుదామనుకున్నా. నువ్వేమో ఇవాళ ఆస్ పోంతెస్ దాకా వేశాను, సోమోసాస్‌లో గది దొరికింది అనేదానివి. వాడు పోయాక నీ నోట్లోంచి పది మాటలు కలిపి విన్నది అదే. చెప్తే మళ్ళీ కిమ్మనకుండా గోడ చూస్తూ కూర్చుంటావని భయమేసింది."

నిజమే. ఆమెని తప్పు పట్టడానికి లేదు. ఒక రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది, నమల్లేక నీళ్ళు తాగింది. గదులవాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెబుదాం, నేను మాట్లాడతాలే అంది. వద్దన్నాను. నేను వెళ్తానన్నాను.

"ఎవర్ని తీసుకుని? వాడు అక్కడే ఉన్నాడుగా. రెండోసారి పిలవకూడదు, తెలుసుగా నీకు."

"పిలవను. ఆయనతో ఒక మాట చెప్పాలి."

"ఏం మాట?"

ఆమెకి చెప్పాలని నేననుకోలేదు. ఏడో రోజున, సెర్దీదో దాటాక, మనుషులు లేని చోట చెప్పాలనుకున్న మాట అది. మరి ఆ చోటికి ఇప్పుడు నా పక్కన ఎవరూ రావడం లేదు. అందుకని వంటింట్లోనే చెప్పేశాను. చెస్ట్‌నట్లు సాకేనని చెప్పాను. ఆ ఏడాది కాపు కూడా సరిగ్గా లేదు, రెండు బుట్టలు కూడా రాలేదు. ఆయన వాగుడు పడలేక ఎనిమిది రోజులు ఆయనతో నడవనన్నాను. ఎనిమిది రోజులు, వదినా. నలభై ఏళ్ళు కాపురం చేసి ఎనిమిది రోజులు ఇవ్వలేకపోయాను. ఆయన నమ్మేసి కర్ర తలుపు వెనక పెట్టేశాడు.

దోసిందా నా మొహంలోకి చూడలేదు. బల్ల మీద గుడ్డ అంచు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది. అంతసేపు మాట్లాడకుండా ఉండగా ఆమెని నేనెన్నడూ చూడలేదు.

"నమ్మలేదు వాడు" అంది.

నేను కప్పు కింద పెట్టాను.

సెప్టెంబరులో నేను వచ్చే ఏడాది అన్న మర్నాడు అమారో కారేసుకుని లూగో వెళ్ళాడట. నువ్వైనా రా అక్కా అని అడిగాడట. ఈ పాదాలతో లిఫ్టు దాకా నడిస్తే గొప్ప, తెయ్‌షీదో ఎక్కడ అని ఆమె రానంది. రానన్నందుకే, తొండ కనిపించగానే ఆమెకి అంత వణుకు పుట్టిందట. బల్బీనా రాదా అని అడిగిందట అప్పుడు.

"చెస్ట్‌నట్లు అంటోందన్నాడు. అని నవ్వాడు. చెస్ట్‌నట్లు కాదులే అక్కా, నా మాటలకి విసిగిపోయింది పాపం, ఎవరికైనా ఎనిమిది రోజులంటే ఎక్కువే అన్నాడు. నీతో అనొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఈ చలికాలమంతా తక్కువ మాట్లాడడం నేర్చుకుంటాను, వచ్చే ఏడాదికి తనే వస్తానంటుంది అన్నాడు."

ఆ చలికాలం ఆయన తక్కువ మాట్లాడాడు.

అక్టోబరు నుంచి. పక్కన నిలబడడం మానేశాడు. పొయ్యి దగ్గర కూర్చుని కర్రతో బూడిద కదుపుతూ ఉండేవాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయేవాడు, ఏంటి అంటే ఏం లేదనేవాడు. వయసు మీద పడిందిలే, సద్దుమణిగాడు అనుకున్నాను. నాకు హాయిగా ఉండేది. నిజం చెప్పాలంటే పెళ్ళయ్యాక అంత హాయిగా ఉన్న చలికాలం నాకు లేదు. ఆ నిశ్శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్క రోజు కూడా అడగలేదు. నాతో నడవడానికి ఆయన తయారవుతున్నాడు. నేనేమో దుప్పట్లు ఆరేసుకుంటూ, ప్రాణానికి సుఖంగా ఉందనుకున్నాను. ఐదు నెలలు. చివరి ఐదు నెలలు ఆ మనిషి నోరు కట్టుకుని పోయాడు.

ఎక్కడో నొప్పి మొదలైంది. ఫలానా చోటని చెప్పలేను. పక్కటెముకల కింద కావచ్చు, గొంతులో కావచ్చు. నొప్పి అని తెలియడానికే కాసేపు పట్టింది. దోసిందా లేచొచ్చి నా తల తన పొట్టకి ఆనించుకుంది. ఆమె బట్టల్లోంచి కాఫీ వాసన, నిమ్మకాయ వాసన. నేను ఏడిచానో లేదో నాకు తెలీదు, ఆమె చొక్కా తడిసిందని తర్వాత ఆమే చెప్పింది.

కాసేపటికి పటం దగ్గరికి లాక్కున్నాను. పెన్సిల్ ఎక్కడో పడిపోతే ఆమే వెతికి ఇచ్చింది. చుట్టుదారి కొట్టేశాను, రాళ్ళు జారే దిగుడే మళ్ళీ గీశాను. మూడు ఆగే చోట్లు తీసేశాను. విలాల్బా నుంచి ఒక్క రోజులో ఆస్ పోంతెస్ చేరొచ్చు, కాళ్ళు పోతాయి గానీ చేరొచ్చు. ప్రతి వరస చివరా ఇద్దరు అని ఉన్నది కొట్టేసి ఒక్కరు అని రాశాను. దోసిందా నా భుజం మీదుగా చూస్తోంది.

"ఐదు రోజుల్లోనా? చస్తావే. ఎవరు తరుముతున్నారు నిన్ను? ఎనిమిది రోజులు నెమ్మదిగా నడువు, వాడెక్కడికీ పోడు."

"ఎనిమిది రోజులు నేనాగలేను వదినా" అన్నాను. "ఆయన అక్కడ కూడా నోరు కట్టుకునే కూర్చుని ఉంటాడు. మాట్లాడమని చెప్పాలి."